ఊరి పేరు

మా అవ్వకు ఒక అన్న ఉండెడివాడట. ఆతని ముఖమును నేనెఱుగను. మా ఇంట ఆతని పటము కూడ లేదు. వానలు లేని యొక యేట, ఇరువది యేండ్ల ప్రాయమున, పుంగనూరు సంతకు పోయివచ్చెదనని చెప్పి ఇల్లు వెడలి, మఱి తిరిగి రాలేదు. కొన్ని నెలలకు పొరుగూరివాడొకడు వచ్చి, "మీవాడు మద్రాసులో ఓడ యెక్కినాడు, చెఱకు తోటల దీవికి పోయినాడు" అని చెప్పెనట. అవ్వ బ్రదికినన్నాళ్ళును, పండుగనాడు పెద్దలకు పెట్టునప్పుడు, అన్నకు విస్తరి వేయవలెనో కూడదో తెలియక, ఆకు చేత బట్టుకొని కొంతసేపు నిలిచిపోయెడిది.

ఆ చెఱకు తోటల దీవి ఫిజీ యని పెద్దవాడనైన తరువాత తెలిసికొంటిని. పసిఫిక్ మహాసముద్రమున, ఆస్ట్రేలియాకు తూర్పుగా, మూడు వందలకు పైబడిన దీవుల సముదాయమే ఫిజీ. దానిని మెలనీషియాలో చేర్చి చెప్పుదురు గాని, తూర్పుననున్న టోంగా మున్నగు పాలినీషియా దీవులతో ఆ జనులకు తరతరాల పొత్తు కలదు. 1879 మొదలు 1916 వఱకు సుమారు 60,000 మంది భారతీయులను ఐదేండ్ల ఒడంబడికపై అచ్చటి తోటలకు గొనిపోయిరి. 1903 నుండి మద్రాసు రేవునుండియు ఓడలు సాగెను. అట్లు పోయినవారిలో నాటి ఉత్తర ఆర్కాటు జిల్లావారు పెక్కుమంది. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో చాల భాగము అంతకు ముందు ఆ జిల్లాలోనిదే. ఒడంబడికను ఆంగ్లమున 'అగ్రిమెంటు' అందురు. ఆ మాట కూలీల నోట 'గిర్మిట్' ఆయెను, వారు 'గిర్మిటియా'లైరి.

కొన్ని యేండ్ల క్రిందట ఆ దీవికి పోవు అవకాశము నాకు లభించెను. 'బా' అను పట్టణమునకు సమీపమున చెఱకు పండించు ఒక కుటుంబమువారు నాకు ఆతిథ్యమిచ్చిరి. ఇంటి పెద్ద డెబ్బది యేండ్లు దాటినవాడు. ఆయన తాత మన సీమనుండి పోయినవాడే. ఇంట మాటలాడునది ఫిజీ హిందీ. అచ్చటి తెలుగువారు తమ భాషను నిలుపుకొన గోరి 1941లోనే ఆంధ్ర సంఘము నొకదానిని స్థాపించుకొనిరి. ఐనను ఆ యింట 'అమ్మ, నాయన, నీళ్ళు' వంటి మాటలు కొన్ని మాత్రమే మిగిలియుండెను. ఆ కొన్ని మాటలనే ఆయన నాకు మాటిమాటికి వినిపించి సంతసించెడివాడు.

ఒకనాడాయన నన్ను కొండలలోని 'నవాలా' అను ఫిజీ గ్రామమునకు తీసికొనిపోయెను. బయలుదేఱుటకు ముందు అంగడిలో ఎండిన వేళ్ళకట్ట నొకదానిని కొనెను. మిరియపు జాతికి చెందిన 'యంగోనా' మొక్క వేళ్ళవి. "పల్లెపెద్దకు ఇది సమర్పింపక ఊరిలో తిరుగరాదు" అని నాకు చెప్పెను.

బా నది యొడ్డున, పచ్చికపై వరుసలు దీర్చినట్లు గడ్డియిండ్లు కనబడెను. ఆ యిండ్లను 'బురే' లందురు. పేరు వినగానే మన బూరెలు తలపునకు వచ్చి నవ్వుకొంటిని. వెదురుబద్దల అల్లిక గోడలు, మందమైన గడ్డి కప్పు, నేలపై మొగలిజాతి ఆకుల చాపలు. ఒక ఇల్లు కట్టవలసి వచ్చినప్పుడు ఊరివారందఱును కలిసి కట్టుదురట.

నా తలపై టోపీ యుండెను. మిత్రుడు మెల్లగా దానిని తీయించెను. పల్లెలో టోపీ పెట్టుటయు, భుజమున సంచి తగిలించుకొనుటయు పెద్దలను అగౌరవించుట యట. గుడి ముందర చెప్పులు విడుచు నాకు ఈ మర్యాద తనంతట తోపకపోయెనే యని సిగ్గుపడితిని.

పల్లెపెద్ద యెదుట చాపపై కూర్చుంటిమి. వేళ్ళపొడిని కొయ్యపాత్రలో నీటితో పిసికి, కొబ్బరిచిప్పతో అందించిరి. ఒకసారి చప్పట్లు చఱచి, 'బులా' యని పలికి త్రాగవలెను. త్రాగిన పిదప మూడుసార్లు చఱవవలెను. రుచి మట్టినీటివలె నుండెను. నాలుక కొంత మొద్దుబాఱెను. పెద్ద నా పేరడుగలేదు. "మీ దే ఊరు?" అని అడిగెను. "భారతదేశము" అంటిని. ఆయన తల యూపి, "దేశమును కాదు, ఊరిని అడిగితిని" అనెను. నా ఊరి పేరు చెప్పితిని. ఆయన దానిని మూడుసార్లు పలికి సరిచేసికొని, అప్పుడు నన్ను అతిథిగా స్వీకరించెను. ఫిజీలో నేల నూటికి ఎనుబది పాళ్ళకు పైగా ఇట్టి వంశములవారి ఉమ్మడి సొత్తు, అమ్ముటకు వీలులేదు. నేల, జనము వేఱు కావని వారి నమ్మకము. రెంటికిని కలిపి 'వనువా' అందురు.

పిదప మాకు భోజనము పెట్టిరి. గోతిలో రాళ్ళు కాల్చి, వానిపై ఆకుల నడుమ మగ్గించిన చేమదుంపలు, కఱ్ఱపెండలము తృప్తిగా తింటిమి.

తిరుగుదారిలో నా మిత్రుడు చాలసేపు మాటలాడలేదు. ఆయన తోట కౌలు నేల. 1997 మొదలు పెక్కు కౌళ్ళ గడువు తీఱగా, ఎందఱో రైతులు ముత్తాతలు సాగుచేసిన చేలను విడిచి పోయిరి. ఇల్లు చేరగానే ఆయన పెట్టెనుండి ఒక కాగితము తీసి నా చేతికిచ్చెను. అది వారి తాత ఓడ యెక్కిననాటి అనుమతిపత్రపు నకలు. పేరు, తండ్రి పేరు, జిల్లా, తాలూకా, గ్రామము అందు వ్రాసియుండెను. దొర కచేరి గుమాస్తా వ్రాసిన ఆంగ్లాక్షరములను ఆ యింట మూడు తరములుగా 'చుదాపుల్లి' యని చదువుచుండిరి. నేను కన్నులద్దములు సవరించుకొని కూడబలుకుకొని చదివితిని.

"అన్నా, ఇది చౌడేపల్లె! పుంగనూరు దగ్గఱిది. మా ఊరినుండి పోయివచ్చు దూరమే" అంటిని.

ఆయన పెదవులు కదలెను. "చౌడేపల్లె, చౌడేపల్లె, చౌడేపల్లె" అని మూడుసార్లు పలికెను. ఉదయమున పల్లెపెద్ద నా ఊరి పేరును పలికినట్లే పలికెను. కన్నుల నీరు తుడుచుకొనుచు, "ఇక నన్నడిగినవారికి నేనును చెప్పగలను" అనెను.

తిరిగి వచ్చిన పిదప నేను చౌడేపల్లెకు పోయితిని. వారి తాత పేరు చెప్పి వృద్ధుల నడిగితిని. ఎవ్వరికిని జ్ఞాపకము లేదు. ఆ మాట దాచక ఆయనకు వ్రాసి, ఆ ఊరి మన్ను కొంచెమును, బోయకొండ గంగమ్మ కుంకుమయు తెలిసినవారి చేతికిచ్చి పంపితిని.

మా అవ్వ అన్నగారి కాగితము మాత్రము నాకు దొరకలేదు. కాని పరాయి దీవిలో తన ఊరి పేరును గుండెలో మోసికొని బ్రదుకువారెట్లుందురో నేను చూచితిని. ఆ యేడు పండుగనాడు పెద్దలకు పెట్టునప్పుడు, అవ్వ విస్తరి ప్రక్కనే మఱియొక ఆకు వేసితిని. నా చేయి తడబడలేదు.