మూడు మొనల నక్షత్రంతో షోలాపూరు దారిలో

పుణె నుంచి షోలాపూరు పోయే బాట మన తెలుగువారికి కొత్తది కాదు. రైలులోనో, ఎర్ర బస్సులోనో, లారీ ముందు సీటులోనో ఈ దారిన ఒక్కసారైనా పోని షోలాపూరు కుటుంబం వుండదు. ఇప్పుడు మన పిల్లలు పుణెలోనూ, బెంగుళూరులోనూ మంచి ఉద్యోగాలలో కుదురుకొన్నారు. పెళ్లిళ్లకూ పండుగలకూ పెద్దకార్లలో దిగుతున్నారు. వాటిలో బెంజి కారు కనిపించడం కూడా వింత కాదు. కొత్తది కొనేవారు కొందరయితే, నాలుగైదేండ్లు వాడినదాన్ని సగం ధరకు కొనేవారు మరి కొందరు.

సంతోషమే. కాని ఏనుగునిచ్చి అంకుశానికి తగవులాడినట్లు, లక్షలు పోసి కారు కొన్న ఇండ్లలోనే టైరులో గాలి సంగతి ఎవరికీ పట్టకపోవడం చూస్తున్నాము. ఇటువంటి కారును కాపాడేది దాని ధర కాదు, ఏ దారికి ఏ జాగ్రత్త కావాలో తెలియడం. మాఘమాసంలో ఒక పెండ్లికి మా బావగారి డీజిలు బెంజిలో మేము అయిదుగురం చేసిన ప్రయాణాన్ని అడ్డం పెట్టుకొని ఆ నాలుగు మాటలూ ఇక్కడ చెబుతున్నాము.

మేము బయలుదేరినది చాకణ్ నుంచి. పుణెకు ఉత్తరంగా వున్న ఈ వూరు వుల్లిపాయల సంతకు పేరు పొందినది. ఇక్కడి సంగ్రామదుర్గాన్ని 1660లో షాయిస్తాఖాను ముట్టడిస్తే, శివాజీ కిల్లేదారు ఫిరంగోజీ నర్సాళా కొద్దిమంది సైనికులతోనే రెండు నెలలకు దగ్గరగా నిలబెట్టాడు. ఆ కోట ఇప్పుడు శిథిలం. ఊరి చుట్టూ కర్మాగారాలు లేచాయి. మన దేశపు బెంజి కార్లు తయారయ్యేది ఇక్కడే. కంపెనీ 1994లో పుణెలో అడుగు పెట్టింది. చాకణ్ కర్మాగారం 2009లో వచ్చింది.

అంతకు చాలా ముందే ఈ నక్షత్రం మనవారికి తెలుసు. 1954లో టాటావారు జర్మనీ కంపెనీతో కలిసి జంషెడ్‌పూరులో లారీలు చేయడం మొదలుపెట్టారు. 1969లో ఆ ఒప్పందం ముగిసేవరకు మన రోడ్లమీద నూలు బేళ్లు మోసిన టాటా లారీల ముక్కుమీద ఈ మూడు మొనల నక్షత్రమే వుండేది. మెర్సిడీస్ అన్నది ఒక ఆడపిల్ల పేరని చాలామందికి తెలియదు. ఎమిల్ యెలినెక్ అనే వ్యాపారి తన కూతురి పేరు పెట్టించిన కారు 1901లో వచ్చింది.

కారు బాగోగులు చూడడం మగవారి పని అనుకొనేవారు ఈ సంగతి వినాలి. కార్ల్ బెంజ్ తన మోటారుబండికి 1886లో పేటెంటు కోరాడు. 1888లో ఆయన భార్య బెర్తా ఇద్దరు కొడుకులను ఎక్కించుకొని, భర్తకు చెప్పకుండా మాన్‌హైము నుంచి ఫోర్జ్‌హైములోని పుట్టింటికి ఆ బండిమీద వెళ్లింది. సుమారు 100 కిలోమీటర్లు. నూనె అయిపోతే వీస్‌లోహ్ అనే వూళ్లో మందుల దుకాణంలో కొన్నది. గొట్టం మూసుకుపోతే టోపీకి గుచ్చుకొనే సూదితో పొడిచి బాగుచేసింది. బ్రేకులు అరిగితే చెప్పులు కుట్టేవానిచేత తోలు కొట్టించింది. కారు యాజమాన్యంలో మొదటి పాఠాలు చెప్పినది ఒక ఇల్లాలే!

చాకణ్ నుంచి పుణె వూరు దాటి హడప్సర్ చేరేసరికి ఎండ ఎక్కింది. అడుగడుగునా ఆగి కదిలే ఈ రద్దీలోనే డీజిలు కారుకు జబ్బు పట్టుకొంటుంది. పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఒకటి వుంటుంది. రోజూ రెండు మైళ్లు పోయి ఆపేసే కారులో ఆ మసి కాలిపోవడానికి తగినంత వేడి పుట్టదు. అందుచేత ఊళ్లోనే తిరిగే డీజిలు కారును అప్పుడప్పుడు పెద్దరోడ్డుమీద అరగంటైనా ఆపకుండా నడపాలి. కొత్తరకం డీజిలు కార్లకు యాడ్‌బ్లూ అనే ద్రవం కూడా పోయాలి. హెచ్చరిక కనిపించినప్పుడే పోయించాలి. అది పూర్తిగా అయిపోతే, ఒకసారి ఆపిన ఇంజను మళ్లీ కదలదు. దాని మూత నీలిరంగుది. పొరపాటున ఆ ద్రవాన్ని డీజిలు తొట్టిలో పోస్తే మరమ్మతు వేలతో పోదు.

హడప్సర్‌లోనే మా బావగారు కారు పక్కకు తీసి ఆపారు. వెనుక కూర్చున్న మా పెద్దమ్మ బెల్టు పెట్టుకోలేదు.

"ఇంత బలమైన కారులో నాకెందుకురా ఈ పట్టెడ?" అన్నది.

"బెల్టు పెట్టుకొనేదాకా కారు కదలదత్తయ్యా," అన్నారు బావగారు.

ఆయన పట్టుదలకు కారణం వున్నది. 2022 సెప్టెంబరు 4న ఇదే మహారాష్ట్రలో, పాల్ఘర్ జిల్లాలోని సూర్యా నది వంతెన వద్ద ఒక బెంజి కారు గోడకు కొట్టుకొన్నది. వెనుక కూర్చున్న సైరస్ మిస్త్రీ గారూ, ఆయన మిత్రుడొకరూ చనిపోయారు. ముందు కూర్చున్న ఇద్దరూ తీవ్రమైన గాయాలతో బ్రతికారు. వెనుకవారు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. దెబ్బ తగిలినప్పుడు కారు ముందుభాగం నలిగిపోయి, మనుషులు కూర్చొనే గది నలగకుండా వుండే కట్టడాన్ని బేలా బారెన్యీ అనే ఇంజనీరు ఈ కంపెనీలోనే రూపొందించాడు. 1959 నుంచి వారి కార్లలో అది వున్నది. అయితే గది నిలిచినా, అందులోని మనిషి సీటును అంటిపెట్టుకొని వుంటేనే ఆ బలం అతనికి దక్కుతుంది. వెనుకవారు బెల్టు పెట్టుకోకపోతే 1000 రూపాయల జరిమానా అని చట్టం కూడా చెబుతున్నది. జరిమానా మాట అటుంచండి, పెద్దవాళ్లను కూర్చోబెట్టి బెల్టు తగిలించడం నీళ్లచెంబు అందించినంత సహజం కావాలి.

యవత్, పాటస్ దాటితే రెండువైపులా చెరకు తోటలే. ఆ తీపి గాలి కిటికీ తీస్తే లోపలికి వస్తుంది. ఆ చెరకుకూ పెట్రోలు కారుకూ ఇప్పుడు చుట్టరికం కలిసింది. 2025 నాటికి మన బంకులలో దొరికే మామూలు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుస్తున్నది. మీ కారు దానికి తగినదా కాదా అన్నది, ఎన్ని ఆక్టేన్ల పెట్రోలు అడుగుతుంది అన్నది పెట్రోలు పోసే మూత లోపలి చీటీమీదా, కారుతో ఇచ్చిన పుస్తకంలోనూ వుంటుంది. పాతది కొన్నవారు ఈ ఒక్క చీటీ తప్పక చదవాలి.

చెరకు ఆడే రోజులలో, అంటే సుమారు కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా, ఈ రోడ్డుమీద అసలైన ప్రమాదం చెరకు ట్రాక్టర్లు. ఒక ట్రాక్టరు వెనుక రెండేసి ట్రాలీలు, వాటికి తోకదీపం వుండదు. చీకట్లో చెరకు గడల కొసలు అద్దానికి తగిలేదాకా కనిపించవు. ఎంత తెలివైన కారయినా ఇక్కడ దాని తెలివిమీద ఆధారపడరాదు. మేము పొద్దు వాలకముందే షోలాపూరు చేరేటట్లు లెక్క వేసుకొని బయలుదేరాము.

భిగవణ్ దగ్గర ఉజని నీళ్లు కనిపించాయి. భీమానదికి కట్టిన ఆనకట్ట వెనుక నిలిచిన ఈ జలాశయానికి చలికాలంలో రాజహంసలు వస్తాయి. దూరాన గులాబీ గీతలాగ కనిపించాయి. చేపల పులుసు హోటళ్లు వరుసగా వున్నాయి. పలస్‌దేవ్ వద్ద మునిగిపోయిన పలస్‌నాథుని పాతగుడి, నీరు బాగా తగ్గిన వేసవులలో బయటపడుతుంది. ఆ గుడి మాట వినగానే నీళ్లలో మునిగే కార్ల మాట వచ్చింది.

వానాకాలంలో వంతెనల కింద నిలిచే నీళ్లకు బెంజి అయినా బండి అయినా ఒకటే. చక్రంలో సగానికి మించి నీరున్న చోట దిగరాదు. దిగి ఇంజను ఆగిపోతే మళ్లీ మీట నొక్కవద్దు. ఇంజను గాలికి బదులు నీటిని పీల్చి వుంటుంది. రెండవసారి తిప్పితే లోపలి కడ్డీలు వంగిపోతాయి. అక్కడితో ఆపి, బల్లలారీ పిలిపించి ఎక్కించాలి. తాడు కట్టి ఈడ్పించితే గేరుపెట్టె చెడుతుంది. మామూలు బీమా ఈ ఇంజను నష్టానికి చాలాసార్లు డబ్బివ్వదు. ఇంజను రక్షణ అన్న అదనపు కాగితం బీమా కట్టేనాడే అడిగి తీసుకోవాలి.

ఇందాపూర్, టెంభుర్ణి దాటి మోహోళ్ సమీపించగానే, ఎడమవైపు టైరులో గాలి తగ్గుతున్నదని కారు తెరమీద హెచ్చరిక వచ్చింది. బావగారు వేగం తగ్గించి, తొందరపడకుండా పంక్చరు దుకాణానికి చేర్చారు. చిన్న మేకు. హెచ్చరిక రాగానే ఆగాము కనుక అతుకు సరిపోయింది. గాలి లేకుండానే కొంతదూరం పోగలిగే టైర్లు కొన్ని బెంజిలకు వుంటాయి. అవి గంటకు 80 కిలోమీటర్లకు మించకుండా నడపవలసినవి. కారు నిండా మనుషులుంటే పోగల దూరం బాగా తగ్గుతుంది. గాలి పూర్తిగా పోయాక నడిపిన టైరును అతికించి వాడకూడదు, మార్చవలసిందే. మీ కారుకు అదనపు చక్రం వున్నదా లేదా అన్నది ఇంట్లోనే డిక్కీ తీసి చూసుకోండి. ఎంత గాలి కావాలో పెట్రోలు మూత లోపలనే రాసి వుంటుంది. టైరు చల్లగా వున్నప్పుడే కొలవాలి. టైరు పక్కన నాలుగంకెలు వుంటాయి. 2321 అని వుంటే 2021వ సంవత్సరం 23వ వారంలో పుట్టినదని అర్థం. షోలాపూరు ఎండకు అరగని టైరు కూడా ముసలిదవుతుంది.

పొద్దుండగానే షోలాపూరు చేరాము. చెరువు నడుమ సిద్ధేశ్వరుని గుడి, పాత కోట, తూర్పు పేటలో మార్కండేయ మందిరం, వీథికొక తెలుగు పలుకు. అంచుకు నువ్వులద్దిన కటకటలాడే జొన్నరొట్టె, వేరుసెనగ పొడి తిన్నాకగాని అలసట తీరలేదు.

మేము దిగిన ఇంటివారు మరమగ్గాలవారు. వారి దుప్పట్ల కొట్టు గోడకు ఒక పుస్తకం వేలాడుతున్నది. ఏ మగ్గానికి ఏనాడు నూనె వేసినది, ఏ ముక్క మార్చినది, అన్నీ అందులో రాసి వున్నాయి. బావగారు దాన్ని చాలాసేపు తిరగేశారు. తన కారు కొనేటప్పుడు అమ్మకందారు చూపించిన మెరుగు ఆయన్ను లొంగదీయలేదు, సర్వీసు చరిత్రే లొంగదీసింది. వాడిన బెంజి కొనేవారు ముందు చూడవలసినది అదే. ఏడాదికొకసారి, లేదా కిలోమీటర్ల గడువు ముందు వస్తే అప్పుడే, సర్వీసు జరిగిందా? బ్రేకు నూనె రెండేండ్లకొకసారి మారిందా? కంపెనీ ఉచితంగా బాగుచేస్తామని వెనక్కు పిలిచిన లోపాలేవైనా మిగిలాయా? ఈ మూడూ తేలకుండా బయానా ఇవ్వకండి.

గ్యారంటీ తీరినాక బయటి మెకానికు దగ్గరకు పోవడంలో తప్పు లేదు. కాని ఇంజను నూనె డబ్బామీద మీ పుస్తకంలో వున్న అనుమతి సంఖ్య, 229.51 గాని 229.52 గాని మరొకటి గాని, అచ్చుగుద్దినట్లు వున్నదో లేదో మీ కళ్లతో చూడండి. రేడియేటరులో కుళాయి నీళ్లు పోయనివ్వకండి. వారాల తరబడి షెడ్డులో నిలిపేవారు బ్యాటరీ దిగిపోకుండా చూసుకోవాలి. నెలనెలా కొంత సొమ్ము కారు పేరున వేరే వుంచితే, నాలుగు టైర్లూ ఒకేసారి మార్చవలసి వచ్చిననాడు ఇంట్లో కలత వుండదు.

పెండ్లి ముగిసి తిరుగుప్రయాణం మరునాటి ఉదయం. బావగారు చల్లటిపూట నాలుగు టైర్లూ కొలిచి, కొత్తగా కొన్న నోటుపుస్తకం మొదటి పుటలో తేదీ వేసి రాసుకొన్నారు. మా పెద్దమ్మ వెనుక సీటులో కూర్చొని, బెల్టు కొస ఎక్కడున్నదో చూపించమని మా ఆవిణ్ణి అడిగింది.