అమానత్

నమ్మి అప్పగించిన సొత్తును ఉర్దూలో ‘అమానత్’ అంటారు. ధనమో, నగయో, దస్తావేజో అయితే అది అమానత్ అని అందరమూ ఎరుగుదుము. కాని కార్యాలయపు సర్వర్‌లో నిలిచి ఉన్న మన బ్రౌజర్ ప్రొఫైలు కూడా అటువంటి అమానతే అని ఎందరు తలుస్తున్నారు?

ధర్మవర వాసులకు ఈ సంగతి సులభంగానే బోధపడగలదు. 1804 ప్రాంతంలో ఫ్రాన్సు దేశీయుడైన జకార్డు రూపొందించిన సాధనం మన పట్టుమగ్గాలకు చిరపరిచితమే. చీర అంచున పూచే పువ్వు నమూనా అంతా రంధ్రాలు పొడిచిన అట్టలలో ఇమిడి ఉంటుంది. ఆ అట్టల వరుసను విప్పి, అదే అమరిక గల మరొక మగ్గానికి తగిలిస్తే అక్కడా అదే పువ్వు పూస్తుంది. బ్రౌజర్ ప్రొఫైలూ అంతే. ఫైర్‌ఫాక్స్‌లో అది ఒక ఫోల్డరు. మనం చూచిన పుటల చరిత్ర, గుర్తుపెట్టుకొన్న చిరునామాలు, దాచుకొన్న పాస్‌వర్డులు అన్నీ అందులోనే ఉంటాయి. దానిని సర్వర్‌లో ఉంచితే, ఉద్యోగి ఏ బల్ల వద్ద కూర్చున్నా తన బ్రౌజరే తెరుచుకొంటుంది. 1998లోనే నెట్‌స్కేప్ 4.5 ఇట్టి సౌకర్యాన్ని కల్పించింది.

అయితే ఒకే అట్టల వరుస ఏకకాలంలో రెండు మగ్గాలపై ఆడదు. ప్రొఫైలు కూడా ఒక సమయంలో ఒక్క బ్రౌజరుకే చెల్లుతుంది. అందుకే తెరవగానే అది ఒక తాళం ఫైలును ఏర్పరచుకొంటుంది. నెట్‌వర్కు మీద ఇట్టి తాళాలు ఒక్కొక్కప్పుడు పనిచేయవనీ, దత్తాంశం చెడిపోవచ్చుననీ, ఫైర్‌ఫాక్స్ వాడే ఎస్‌క్యూలైట్ నిర్మాతలే హెచ్చరించి ఉన్నారు. లేచిపోయే ముందు బ్రౌజరును మూసివేయడం, తాత్కాలిక పుటల క్యాషేను ఆయా యంత్రంలోనే ఉంచడం శ్రేయస్కరం.

దత్తాంశం చెడితే బాగుచేసుకోవచ్చు. నమ్మకం చెడితే దారి ఏది? నేను పనిచేసిన ఒకచోట, ఉద్యోగం మానిన ఒకామె ప్రొఫైలును చెరిపివేయక, కొత్తగా చేరిన యువకునికి యథాతథంగా అప్పగించారు. అతడు రెండక్షరాలు టైపు చేయగానే, ఆమె ఒక వ్యాధిని గురించి వెదకిన మాటలు వరుసగా తెరపై నిలిచాయి. ఆమె మాతో ఎన్నడూ చెప్పుకోని వ్యథ అది. యువకుడు తలవంచుకొని బ్రౌజరును మూసివేశాడు. అతడు సభ్యుడు గనుక సరిపోయింది.

పాస్‌వర్డుల సంగతి మరీ సున్నితమైనది. ఫైర్‌ఫాక్స్ వాటిని గూఢలిపిలోనే దాస్తుంది. కాని ఆ లిపిని విప్పే కీలకం కూడా అదే ఫోల్డరులో ఉంటుంది. పెట్టెకు తాళం వేసి, తాళంచెవిని పెట్టెపైనే ఉంచిన చందం. ప్రైమరీ పాస్‌వర్డు ఒకటి పెట్టుకొన్ననాడే ఆ తాళానికి అర్థం. యజమాన్యం తన వంతుగా ప్రతి ఫోల్డరునూ దాని హక్కుదారునికి తప్ప ఇతరులకు తెరుచుకోకుండా కట్టుదిట్టం చేయాలి. ఉద్యోగి వెళ్ళిననాడు దానిని తొలగించాలి.

సర్వర్ మాదే కదా అని యజమాని అనవచ్చు. మగ్గం, పట్టు, చీర షావుకారువే కావచ్చు. మగ్గం వద్ద నేతగాడు ఆలుబిడ్డలతో చెప్పుకొన్న మాటలు షావుకారువి కావు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ తీర్పు చదువని వారికి సైతం ‘అమానత్’ అనే మాట తెలుసు. రేపు ఉద్యోగాలలో చేరి సర్వర్ల తాళాలు చేపట్టబోయే సోదర విద్యార్థులు ఆ ఒక్క మాటను మరువకుందురు గాక!