అడుగంత సూర్యుడు

మొన్న కలకడ బస్టాండులో నాయన ఎదురొస్తే, గుర్తుపట్టడానికి నాకు రెండు క్షణాలు పట్టింది. వారం వారం ఫోనులో మాట్లాడే మనిషే! "నేను బాగుండాలేరా" అన్నప్పుడల్లా నాకు కనిపించింది మాత్రం నేను ఉద్యోగానికి బయల్దేరిన నాటి నాయన. నల్లమీసం, నిటారు నడక.

అరిస్టాటిల్ ఆత్మ గురించి రాసిన పుస్తకంలో ఈ ముడి విప్పుతాడు. కన్ను రంగునీ, చెవి శబ్దాన్నీ పట్టుకోవడంలో దాదాపు పొరబడవట. ఆ అనుభవం లోపల మిగిల్చే కదలిక ‘ఫాంటసియా’, అంటే ఊహ. తప్పులెక్కువ అక్కడే. మనుషులుండే లోకం కంటే సూర్యుడు పెద్దవాడని నమ్మినా, కనిపించేది అడుగు వెడల్పే అంటాడు. తెలిసినంత మాత్రాన బొమ్మ మారదు. మన భాషలో చెప్పాలంటే క్యాష్ అన్నమాట. సర్వర్లో డేటా మారినా పాత పేజీనే చూపిస్తుంది.

మా పక్కనున్న మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారు ఇంకో అడుగు ముందుకేశారు. మనం మెలిగేది మనుషులతో కాదు, వాళ్ళ గురించి కట్టుకున్న బొమ్మలతో అని.

నిజమే. నాయన గొంతులో వణుకు నా చెవి వింటూనే ఉంది. బొమ్మే దాన్ని కప్పేసింది.

సాయంత్రం అరుగు మీద కూర్చుని ఊరికే నాయన్నే చూశాను. "ఏందిరా, అట్లా చూస్తా ఉండావు?" అన్నాడు.

ఏం చెప్పను, రిఫ్రెష్ కొడుతున్నానని?