కరువు పని

మా ఊళ్ళో ఉపాధి హామీ అని ఎవరూ అనరు. కరువు పని అంటారు. 2006 ఫిబ్రవరిలో దేశంలోని 200 జిల్లాల్లో ఆ పథకం మొదలైనప్పుడు ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ రెండూ మొదటి జాబితాలోనే ఉన్నాయి. మా పేదరికానికి దొరికిన గుర్తింపు అది. అప్పుడు నేను కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. అమ్మ జగిత్యాల వైపు మా ఊళ్ళో పగలు కైకిలికి పోయేది, రాత్రి బీడీలు చేసేది. నాన్న నా చిన్నప్పుడే పోయాడు.

ఎండాకాలం సెలవులకి ఇంటికి వెళ్తే అమ్మ చెరువు పూడిక తీసే పనికి పోతోంది. చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి, కానీ ముఖంలో ఏదో కొత్త వెలుగు. మొదటి కూలి డబ్బులు వచ్చిన రోజు అమ్మ అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది. "మొగోనికెంతనో నాకు గూడ గంతే ఇచ్చిండ్రు బిడ్డా." నాట్లకు పోయినా, కలుపుకు పోయినా మగవాళ్ళ కూలిలో సగానికి కాస్త అటూ ఇటూగా తీసుకోవడం అలవాటైన మనిషి ఆమె. గడ్డపార మగవాళ్ళది, తట్ట ఆడవాళ్ళది అనే పంపకం కరువు పనిలోనూ పోలేదు. కానీ కొలత ప్రకారం వచ్చిన డబ్బును గుంపులో అందరూ సమంగా తీసుకునేవాళ్ళు. ఆ డబ్బు అమ్మ పేరు మీద ఉన్న ఖాతాలో పడేది. నా పీజీ మొదటి ఏడు ఫీజు అందులోంచే కట్టింది.

ఇప్పుడు నేను డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్తాను. పార్లమెంటులో బడ్జెట్ ఎలా ఆమోదం పొందుతుందో ప్రతి ఏడాదీ పాఠం చెప్తాను. కోత తీర్మానం దగ్గరికి వచ్చేసరికి పిల్లలు నవ్వుతారు. ప్రభుత్వం పేదల డబ్బుకి కోత పెడితే, దాన్ని ఎదిరించే ప్రతిపక్ష సభ్యురాలి చేతిలో ఉన్న పనిముట్టు పేరు కూడా కోతే. ఆ శాఖకి అడిగిన మొత్తంలోంచి వంద రూపాయలు తగ్గించమని తీర్మానం ఇచ్చి, ఆ వంద రూపాయల నెపంతో తన నిరసన చెప్పుకోవాలి. డబ్బు పెంచమని అడిగే తీర్మానం మాత్రం సభలో లేదు.

ఈ పథకం విషయంలో ఆ పాఠం నాకు సొంత ఇంటి లెక్క అయింది. 2020లో కరోనా వచ్చి బొంబాయి నుంచీ భివండీ నుంచీ మా వైపు వాళ్ళంతా తిరిగొచ్చినప్పుడు ఊళ్ళను నిలబెట్టింది కరువు పనే. ఆ ఏడు కేంద్రం ఖర్చు లక్షా పదకొండు వేల కోట్లు దాటింది. 2022-23 బడ్జెట్లో పెట్టింది 73,000 కోట్లు. ఆ మార్చి 31న సోనియా గాంధీ లోక్‌సభలో లేచి, 2020తో పోలిస్తే 35 శాతం తగ్గించారని, కూలీల డబ్బులు ఆగిపోతున్నాయని నిలదీశారు. మరుసటి ఏడాది, 2023-24లో, 60,000 కోట్లకు దించారు. కనిమొళి అధ్యక్షురాలిగా ఉన్న గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘం ఈ తగ్గింపును తప్పు పట్టింది. ఇద్దరూ ఆడవాళ్ళే కావడం యాదృచ్ఛికం కావచ్చు. ఆ పని దినాల్లో సగానికి పైగా ఆడవాళ్ళవే కావడం మాత్రం యాదృచ్ఛికం కాదు.

కానీ ఆ 60,000 కోట్ల మీద లోక్‌సభలో పద్దుల చర్చ జరగలేదు. 2023 మార్చి 23న దాదాపు 45 లక్షల కోట్ల బడ్జెట్ మొత్తం చర్చ లేకుండా, గిలెటిన్ పద్ధతిలో, గొడవ మధ్య నిమిషాల్లో ఆమోదం పొందింది. ప్రతిపక్షం అదానీ వ్యవహారం మీద సంయుక్త పార్లమెంటరీ సంఘం కావాలంటోంది. అధికార పక్షం రాహుల్ గాంధీ క్షమాపణ చెప్పాలంటోంది. ఆ అరుపుల్లో ప్రతిపక్షం అడిగింది న్యాయమే కావచ్చు. కానీ ఆ పూట మా అమ్మ కూలి గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. ప్రతిపక్షం ఉండటం వేరు, పేదల పద్దు వచ్చినప్పుడు సభలో ఉండి మాట్లాడటం వేరు అని ఆ రోజు నాకు అర్థమైంది.

బడ్జెట్ తగ్గిస్తే ఏమైనట్టు? చట్టం వంద రోజులు అంటూనే ఉంటుంది కదా అని పిల్లలు అడుగుతారు. తగ్గించామని ఎవరూ చెప్పరు. ఏడాది సగం దాటేసరికి డబ్బులు అయిపోతాయి, కూలి ఆలస్యమవుతుంది, పది వారాలు తిరిగిన మనిషి పదకొండో వారం పనికి రాదు. అప్పుడు పని అడిగేవాళ్ళే లేరని రాసుకుంటారు.

ఆ ఏడు మా పిల్లలతో ఉట్నూరు వైపు ఒక కొలాం గూడేనికి వెళ్ళాను. 2023 జనవరి నుంచి పనిచోట రోజుకి రెండుసార్లు ఫోటో తీసి ఫోన్లో ఎక్కించాలని నియమం. గూడెంలో సిగ్నల్ లేదు. మేట్‌గా ఉన్న అమ్మాయి ఫోటో తీసి గుట్ట ఎక్కి సిగ్నల్ కోసం చెయ్యి పైకెత్తి నిలబడేది. ఆమె మేనత్తకి ఆధార్లో ఒక పేరు, జాబ్ కార్డులో ఇంకో పేరు. జాబితాలోంచి తీసేశారు. "నేను బతికే ఉన్న గదా" అని ఆ పెద్దామె తన భాషలో అంటే మేనకోడలు మాకు తెలుగులో చెప్పింది.

అలా తీసేసిన పేర్లెన్నో 2023 జులైలో సభ్యులు ప్రశ్న అడిగితేనే బయటికొచ్చింది. 2022-23లో దేశంలో 5 కోట్లకు పైగా. తెలంగాణలో అంతకు ముందు ఏడు 61 వేలు, ఆ ఏడు 17 లక్షలు దాటింది. పార్లమెంటులో ఒక ప్రశ్నకి ఉన్న బలం అదీ. అడిగితే అంకె వస్తుంది. అంకె వస్తే గూడెంలో ఉన్న ఆమె ఒంటరి కాదని తెలుస్తుంది.

ఇదంతా నేను పేపర్ రాశాను. సెమినార్లో చదివాను, మెచ్చుకున్నారు. ఆ వారం ఇంటికి వెళ్ళి అమ్మని అడిగాను, ఈ ఏడు ఎన్ని రోజులు పని చేశావని.

"ఇరవై రెండు దినాలు. పని లేదట."

"పని కావాలని కాయితం రాసిచ్చినవా అవ్వా?"

"కాయితమేంది? పనుంటె ఆల్లే పిలుస్తరు గదా."

నాకు మాట రాలేదు. చట్టం ప్రకారం రాసి అడగాలి, తారీఖు వేసిన రసీదు తీసుకోవాలి. పదిహేను రోజుల్లో పని ఇవ్వకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి, మొదటి ముప్ఫై రోజులు కూలిలో నాలుగో వంతు, తర్వాత సగం. ఇది నేను బోర్డు మీద ఎన్నోసార్లు రాశాను. కోతల గురించి అడిగిన ప్రతిసారీ ప్రభుత్వం చెప్పేది ఒకటే: ఇది అడిగినవారికి పని ఇచ్చే పథకం, అవసరమైతే ఇంకా నిధులిస్తాం. మా అమ్మ అడిగినట్టు ఎక్కడా రాసి లేదు కాబట్టి, ఆమె విషయంలో ఆ జవాబు కాగితం మీద నిజమే. ఆ జవాబుని అబద్ధం చేయగల ఒక్క కాగితాన్ని, ఆ డబ్బుతో చదువుకున్న కూతురు, పదిహేడేళ్ళలో ఒక్కసారి కూడా రాసిపెట్టలేదు.

మరుసటి ఆదివారం అరుగు మీద కూర్చుని పదకొండు మందికి రాశాను. తీసుకోవాల్సిన చోట కాగితాలు తీసుకున్నారు కానీ రసీదు ఇవ్వలేదు. "మేడమ్, మీకెందుకు ఇవన్నీ" అన్నారు. నేను వెళ్ళిపోదామనుకున్నాను, క్లాసుంది. అమ్మ అక్కడే నేల మీద కూర్చుంది. మిగతా పదిమందీ కూర్చున్నారు. ఎవరూ నినాదాలివ్వలేదు, బీడీ చాటలు తెచ్చుకోనందుకు మాత్రం బాధపడ్డారు. సాయంత్రానికి ముద్రలు పడ్డాయి. ఆ ఏడు అమ్మకి ఇంకో పందొమ్మిది రోజులు పని దొరికింది. భృతి రాలేదు.

2025 డిసెంబర్లో పాత చట్టం స్థానంలో పార్లమెంటు కొత్త చట్టం తెచ్చింది. 125 రోజులంటుంది. మన రాష్ట్రాల్లాంటి చోట ఖర్చులో నలభై శాతం రాష్ట్రం పెట్టుకోవాలి. ఏ రాష్ట్రానికి ఎంతో కేంద్రం ముందే లెక్క కడుతుంది, దాటితే రాష్ట్రానిదే భారం. నాట్లు, కోతల కాలంలో మొత్తం అరవై రోజులు పని ఆపొచ్చు. ఆడవాళ్ళకి సగం కూలి ఇచ్చే పొలాలకి వాళ్ళు తప్పనిసరిగా పోవాల్సిన రోజులవి. ఇన్నాళ్ళూ బడ్జెట్లో చేసిన పనిని ఇప్పుడు చట్టంలోనే రాశారని నాకనిపిస్తుంది. ఈసారి ప్రతిపక్షం సభలో గట్టిగానే ఎదిరించింది. రాజ్యసభలో బిల్లు అర్ధరాత్రి దాటాక ఆమోదం పొందితే, కొందరు సభ్యులు పార్లమెంటు ఆవరణలో చలిలో రాత్రంతా కూర్చున్నారు.

ఆ సంగతి అమ్మకి ఫోన్లో చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు.

"గా కూసున్నోల్లల్ల తట్ట మోసినోల్లు ఎవరన్న ఉన్నరా బిడ్డా?"

నాకు తెలియదన్నాను. 543 మంది ఉండే లోక్‌సభకి 2024లో గెలిచిన ఆడవాళ్ళు 74 మందే అని చెప్పబోయి ఆగాను. ఆమె అడిగింది అది కాదు.

"సరే తియ్యి. మరి మనం రాసిన కాయితం ఇంక నడుస్తదా?"

నడిచినా నడవకపోయినా రాద్దామన్నాను. వచ్చే ఆదివారం రమ్మంది. ఈసారి పదకొండు మంది కాదట, పక్క వాడ వాళ్ళు కూడా వస్తారట. తెల్ల కాగితాలు ఎక్కువ తెమ్మంది.