ఆ ఉదయం విమానం మళ్ళిన చోట

మా అబ్బాయి కాపురం హోనోలూలూలో. మేము వెళ్ళిన మూడవనాడు, "నాన్నా, అమ్మను బయలుదేరమనండి, పెర్ల్ హార్బరు చూచి వద్దాం" అన్నాడు.

ఆ రేవు నడుమ ఫోర్డ్ దీవి ఉంది. నేటికీ అది సైనిక స్థావరమే గనుక సందర్శకులను బస్సులోనే వంతెన దాటిస్తారు. ఒకనాటి విమానాల షెడ్లలో ఇప్పుడు ప్రదర్శనశాల పెట్టారు. 79వ నంబరు షెడ్డు కిటికీ అద్దాలలో 1941 డిసెంబరు 7న జపాను విమానాలు కాల్చిన తూటాల రంధ్రాలు ఇంకా ఉన్నాయి. అందరూ అక్కడే ఆగిపోతారు. నా మనసు మాత్రం అంతకు నాలుగేళ్ళు ముందుకు పోయింది.

అప్పుడు ఈ మైదానం పేరు ల్యూక్ ఫీల్డు. 1937 మార్చి 20 తెల్లవారుఝామున అమేలియా ఇయర్‌హార్ట్ ఇక్కడినుంచే హౌలాండ్ దీవికి బయలుదేరింది. భూగోళాన్ని చుట్టిరావాలని ఆమె సంకల్పం. రెండు ఇంజన్ల లాక్‌హీడ్ ఎలక్ట్రా విమానం. అందులో సుమారు 900 గాలన్ల పెట్రోలు. దారి చెప్పడానికి మానింగ్, నూనన్ అనే ఇద్దరు.

పరుగు మధ్యలో విమానం కుడికి లాగింది. ఆమె ఎడమ ఇంజను జోరు తగ్గించింది. వెంటనే ఎడమకు తిరిగింది, ఇక ఆగలేదు. చక్రాల కాళ్ళు విరిగి, పొట్టమీద జారుతూ పోయింది. పెట్రోలు కారింది గాని, దైవవశాత్తూ మంట లేవలేదు. ముగ్గురికీ దెబ్బ తగలలేదు.

తోకకింద చిన్నచక్రం ఉండే విమానాలకు ఇది పుట్టుకతో వచ్చిన బెడద. బరువు పెద్దచక్రాలకు వెనకగా ఉంటుంది. ఎడ్లు లేని బండిని కాడి పట్టుకుని వెనక్కి నెట్టి చూడండి: కాస్త వంకర పోయిందా, ఆ వంకర పెరిగిపోతూనే ఉంటుంది. దిగేటప్పుడు మరీ భయం. వేగం తగ్గినకొద్దీ తోకమీది చుక్కానికి గాలి పట్టు చాలదు. నేల తాకినంత మాత్రాన గండం గడిచినట్లు కాదన్నమాట.

విమానాన్ని ఓడలో కాలిఫోర్నియాకు పంపి బాగుచేయించారు. ఈలోగా రుతువు మారింది, గాలులు మారాయి. అందుచేత ప్రయాణం దిక్కే తిప్పేశారు: పడమరగా పోవలసినది తూర్పుగా సాగింది. మానింగ్ ఓడ కెప్టెను. సెలవు ముగిసి తన కొలువుకు వెళ్ళిపోయాడు. మోర్సు సంకేతాలలో ఆరితేరినవాడు అతడొక్కడే!

జూన్ 1న మయామీలో బయలుదేరి, అమేలియా, నూనన్ కరాచీ మీదుగా కలకత్తా వచ్చారు. వానకు నానిన డమ్‌డమ్ మైదానంనుంచి విమానం చెట్లను తప్పించుకుని అతికష్టంమీద లేచింది.

మొదట రెండవ మజిలీ కావలసిన హౌలాండ్ ఇప్పుడు చివరికి వచ్చిపడింది. జూలై 2న న్యూగినీలోని లే నుంచి అలసిన ఇద్దరూ 2,556 మైళ్ళ సముద్రంమీద ఆ చిన్న దీవిని వెతుక్కుంటూ పోయారు. దీవివద్ద కాచుకున్న ఓడవారికి ఆమె గొంతు వినిపించింది. మాటలు మాత్రం కలవలేదు. మరి వారి జాడ తెలియలేదు.

"ఇక్కడ బయటపడ్డారు గదా, పాపం!" అన్నది మా ఆవిడ.

బస్సు వంతెన ఎక్కింది. కనుమరుగయ్యేదాకా ఆ మైదానంవైపే చూస్తూ కూర్చున్నాను. విరిగిన కాళ్ళు అతికాయి, విమానం మళ్ళీ ఎగిరింది. ఇక్కడ పోయిన తోడు మాత్రం మళ్ళీ దొరకలేదు.