గాలిగొట్టము

నా చిన్ననాట మా పెరటిలో మూడురాళ్ల పొయ్యిపై ఒక రాగి కాగు ఉండెడిది. మా అమ్మగారు తెల్లవారకమునుపే దానిలో నీరు నింపి, మంట రగిల్చి, మూతను కొంచెము ఒరగా పెట్టెడివారు. "మూత సరిగా పెట్టరాదా?" అని నేనడిగితే, "ఆవిరికి దారి ఉండాలి నాయనా" అనెడివారు. ఆ మాటకు అర్థము నాకు అరువదేండ్లు దాటిన పిమ్మట గాని తెలియలేదు.

ఉద్యోగవిరమణానంతరము నేను విశాఖపట్టణమున గాజువాకలో స్థిరపడితిని. ఒకవైపు 1933లో ప్రారంభమైన ఓడరేవు, మరొకవైపు 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారము. ఇచట యంత్రముల మర్మ మెరిగిన పనివారికి కొదువలేదు. నేను మాత్రము సంధులు, సమాసములు ఎరిగినవాడనే గాని గొట్టముల నెరుగను.

మా మేడపై 100 లీటర్ల సోలార్ హీటరు కలదు. దాని పీపానుండి ఒక సన్నని గొట్టము చల్లనీటి తొట్టికంటె ఎత్తునకు లేచి, కొంగమెడవలె వంగి, నోరు తెరచుకొని యుండెను. ఎండ కాసిన దినములలో దానినుండి నీటిచుక్కలు రాలెడివి. నీరు వృథా యగుచున్నదని తలచి, ఒకనాటి సాయంకాలము ఆ నోటిలో కొయ్యబిరడా బిగించితిని. గొప్ప పొదుపు చేసితినని సంతసించితిని కూడ.

మరునాడు సింహాచలమున చందనోత్సవము. ఇంటిల్లిపాదియు ఉదయముననే పోయి, మండుటెండలో తిరిగివచ్చితిమి. నా భార్య కాళ్లు కడుగుకొనుటకై పొరపాటున వేడినీటి కుళాయి త్రిప్పెను. సలసల కాగిన నీరు బుస్సున చిమ్మెను. ఆమె చేయి మణికట్టువరకు బొబ్బలెక్కెను.

ఆ సాయంకాలము వచ్చిన ప్లంబరు ఒకప్పుడు నా తరగతిలో వెనుకబల్లపై కూర్చున్నవాడే. సంధి తప్పులకు అతనిని నేను పలుమార్లు నిలబెట్టితిని. అతడు బిరడాను చూచి, నన్ను చూచి, నవ్వక మెల్లగా, "మేష్టారూ, గొట్టాన్ని మూసేముందు అది ఎక్కణ్ణించి వస్తోందో, ఎక్కడికి పోతోందో వేలితో పట్టుకుని చదవాలండి" అనెను.

ఆనాడు నేను విద్యార్థినైతిని. చల్లనీరు తొట్టినుండి దిగి పీపా అడుగున చేరును. అచటినుండి, గాజుపలక క్రింద నల్లని రేకు నంటియున్న రాగిగొట్టములలోనికి జారును. ఎండకు కాగిన నీరు తేలికయై తనంతట పైకెక్కి పీపా పైభాగమును చేరగా, బరువైన చల్లనీరు దాని చోటికి దిగును. దీనికి పంపు అక్కరలేదు. స్నానపుగదికి నీరు పీపా పైభాగమునుండియే పోవును.

కాగిన నీరు తేలిక యగుటయే కాదు, ఉబ్బును. 25 డిగ్రీల వేడిమిగల 100 లీటర్ల నీరు 60 డిగ్రీలకు కాగినచో దాదాపు లీటరున్నర పెరుగును. అది తొట్టిలోనికి మరలిపోకుండ చల్లనీటి గొట్టమున నాన్‌రిటర్న్ వాల్వు అడ్డముండెను. ఇక దానికి మిగిలిన దారి ఆ కొంగమెడ గొట్టమొక్కటే. నేను మూసినది దానినే! పీపా ఖాళీయగునపుడు లోనికి గాలి పోవు దారియు అదే. ప్లంబరు పీపా అతుకువద్ద ఉబ్బును చూపి, "ఇంకో రెండు ఎండలు కాస్తే ఇది విడిపోయేదండి" అనెను. నా గుండె ఝల్లుమనెను.

ఈ జాగ్రత్త నేటిది కాదు. 1679లో డెనీ పాపిన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గట్టిమూతగల ఆవిరిపాత్రను లండనులో ప్రదర్శించెను. పీడనము మితిమీరినచో తెరచుకొను కవాటమును దానికి అమర్చెను. మన వంటింటి కుక్కరు మూతపై నున్నదియు ఆ ఉపాయమే.

బిరడా తీసివేసిన పిమ్మట నేను సిగ్గుతో నా భార్యను క్షమాపణ కోరితిని. ఆమె కట్టుకట్టిన చేతిని ఒడిలో పెట్టుకొని, "అత్తగారు కాగుమీద మూత ఒరగా ఎందుకు పెట్టేవారో మీకు గుర్తు రాలేదా?" అనెను.

బాలబాలికలారా! పెద్దలను వెంటబెట్టుకొని ఒకసారి మీ యింటి గొట్టముల దారిని పరిశీలింపుడు. పనికిరానిదని తోచినది కనబడినచో, దానిని మూయుటకు ముందు తెలిసినవారి నడుగుడు. మా మేడపై ఆ గొట్టము నేటికిని చుక్కలు రాల్చుచునే యున్నది. నేను దానిక్రింద ఒక చిన్న బాల్చీ ఉంచితిని.