అన్ని నీరసాలూ డయాలసిస్‌వి కావు

డయాలసిస్ చేయించుకునేవాళ్లు ‘నీరసంగా ఉంది’ అంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ‘కిడ్నీలు పాడయ్యాక అంతేలే’ అంటారు. రెండేళ్లుగా నేనూ అదే వింటున్నా. నాకిప్పుడు 28. వారానికి మూడు రోజులు, నాలుగేసి గంటలు మెషిన్ పక్కనే. అయినా మర్నాటికి తేరుకుని, ఇంటి నుంచే ఆఫీస్ పని చేసుకునేదాన్ని.

కిందటి వేసవిలో ఆ తేరుకోవడం ఆగిపోయింది. మే నెలలో ఇంట్లోవాళ్లంతా కూలర్ ముందుంటే నేను దుప్పటి కప్పుకునేదాన్ని. చర్మం పొడిబారింది. ముఖం ఉబ్బింది. మలబద్ధకం సరేసరి. ఒక మెయిల్ మూడుసార్లు చదివినా బుర్రకెక్కేది కాదు. ఇక ఉద్యోగం మానేయాల్సిందే అనుకున్నా.

‘మేలో చలేంటి? డాక్టర్ గారికి చెప్పు’ అంది మా సెంటర్‌లో టెక్నీషియన్ అక్క. చెప్తే థైరాయిడ్ పరీక్ష రాశారు. టీఎస్‌హెచ్ బాగా ఎక్కువ, ఫ్రీ టీ4 తక్కువ. అంటే హైపోథైరాయిడిజం.

చిక్కేంటంటే, ఈ లక్షణాలన్నీ కిడ్నీ జబ్బులోనూ ఉంటాయి. పైగా డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో థైరాయిడ్ మందగించడం మామూలు జనంలో కన్నా ఎక్కువ. అలాగని రిపోర్టులో టీ3 ఒక్కటే తగ్గిందని కంగారుపడక్కర్లేదు. థైరాయిడ్ బాగానే ఉన్నా కిడ్నీ రోగుల్లో అది తగ్గొచ్చు. మందు అవసరమో కాదో డాక్టరే తేల్చాలి.

నాకు గుండె మీద భారం పడకుండా తక్కువ డోసుతో మొదలుపెట్టారు. ‘డయాలసిస్‌లో ఈ మందు పోదా?’ అని అడిగా. రక్తంలోని ప్రొటీన్లకి అతుక్కుని ఉంటుంది కాబట్టి పెద్దగా పోదట. అసలు జాగ్రత్త వేరే ఉంది. ఫాస్ఫరస్ కోసం భోజనంతో వేసుకునే కాల్షియం, సెవెలమర్ మాత్రలు, ఐరన్ మాత్రలు థైరాయిడ్ మందుని ఒంటికి పట్టనివ్వవు. కనీసం నాలుగు గంటల తేడా ఉండాలి. అందుకే నా ఫోన్‌లో పొద్దున 5కి ఒక అలారం, 9కి టిఫిన్ అలారం.

మూడు నెలలకి దుప్పటి బీరువాలోకి వెళ్లింది. డయాలసిస్ మామూలే. ఉద్యోగం మాత్రం నిలబడింది.

మీ ఇంట్లో డయాలసిస్ చేయించుకునేవాళ్లుంటే ‘ఎలా ఉంది?’ అని ఆపేయకండి. ‘ఎప్పటి నీరసమేనా, కొత్తగా ఏమైనా ఉందా?’ అని కూడా అడగండి. కొత్తగా ఉందంటే, ఈసారి డాక్టర్ రౌండ్స్‌కి వచ్చినప్పుడు టీఎస్‌హెచ్ సంగతి ఎత్తండి.